మస్తాన్ వలి కునుకు

పరీక్షకు తన ల్యాబుకొచ్చిన పదకొండో నంబరు బ్యాటరీ రీడింగు చూసి హైమవతి కళ్లు నులుముకుంది. ఆమె తయారుచేసిన నలభై బ్యాటరీల్లో ముప్పైతొమ్మిది ఏడాదికే మూలకు చేరాయి. ఇదొక్కటే ఇంకా తొంభై ఆరు శాతం సామర్థ్యం దగ్గర నిక్షేపంగా ఉంది. మీటరు పాడైందనుకుని మరో మీటరు పెట్టింది. అదే అంకె.

లిథియం మెటల్ బ్యాటరీ కథ సులువే. చార్జింగ్ పెడితే లిథియం అయాన్లు ఎలక్ట్రోలైట్‌లో ఈదుకుంటూ ఒక వైపుకు చేరి లోహంగా పేరుకుంటాయి. వాడితే తిరిగి వెళ్తాయి. వెళ్లేటప్పుడల్లా కొన్ని తునకలు తెగిపోయి, చుట్టూ పెచ్చు కట్టి, ఎందుకూ పనికిరాకుండా ఉండిపోతాయి. ఆ చచ్చిన లిథియం పెరిగేకొద్దీ బ్యాటరీ నీరసిస్తుంది. ఎనభై శాతం కిందికి పడితే తీసేయాలన్నది హైమవతి రాసిన రూలు.

పదకొండో నంబరు గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఆటోది. ఆమె పరుగున వెళ్లేసరికి మేనేజర్ శేషగిరి ఆ ఆటో డ్రైవరు మస్తాన్ వలిని పనిలోంచి పంపేస్తున్నాడు.

“ఖాళీ అవగానే చార్జింగ్ పెట్టమని మీరే రాశారు మేడం. అందరూ వింటారు, ఈయనొక్కడే వినడు.”

“మరేం చేస్తావయ్యా?” అంది హైమవతి మస్తాన్‌తో.

మస్తాన్ తల గోక్కున్నాడు. “ఒంటిగంటకల్లా బండి ఖాళీ అయిపోద్ది మేడం. అన్నం తిని గంటన్నర కునుకు తీస్తా. లేచినాక వైరు పెడతా. పొద్దుట్నించీ అదీ నాతోపాటు మోసిందేగా! ఎండనబడి వచ్చినోడు చెప్పులిప్పకముందే ఇస్తరేస్తామా?”

హైమవతి అక్కడున్న బస్తా మీదే కూలబడింది. ఖాళీ బ్యాటరీకి గంటన్నర విశ్రాంతి! ఆ కాసేపట్లో తునకల చుట్టూ ఉన్న పెచ్చు ఎలక్ట్రోలైట్‌లో కరుగుతుంది. తర్వాత చార్జింగ్ పెడితే కొత్తగా పేరుకునే లిథియం ఆ తునకల్ని మళ్లీ కలుపుకుంటుంది. చచ్చిందనుకున్నది లేచి కూర్చుంటుంది. పదేళ్లుగా తనకు తట్టని రహస్యం ఈ మనిషి రోజూ మధ్యాహ్నం గుర్రుపెట్టి నిరూపిస్తున్నాడు! సిగ్గూ సంతోషమూ కలిసి ఆమెకు కళ్లనీళ్లొచ్చాయి. మస్తాన్ ఉద్యోగం నిలబెట్టాకే తన ఊరికి తిరిగి వెళ్లింది.

ఆర్నెల్లలో యార్డులో ఆమె కనిపెట్టిన ఏసీ అలమర వెలిసింది. ఖాళీ బ్యాటరీని లోపలికి తీసుకుని, గంటన్నర పడుకోబెట్టి, అప్పుడు చార్జ్ చేస్తుంది. ఈలోగా నిండుగా ఉన్న మరో బ్యాటరీని క్షణంలో బయటికి తోస్తుంది.

ఏడాది తర్వాత హైమవతి లెక్కలు చూసుకోవడానికి మళ్లీ వచ్చింది. అన్ని బ్యాటరీలూ తొంభై ఆరు దగ్గరే ఉన్నాయి. ఆమె మొహం వెలిగిపోయింది.

“మస్తాన్ ఏడీ?”

“తీసేశాం మేడం,” అన్నాడు శేషగిరి మామూలుగా. “ఇప్పుడు బండి మధ్యాహ్నం ఆగదుగా. రెండింటికి స్టీరింగ్ మీదే నిద్రపోయి గోడౌన్ గోడకు గుద్దాడు. కాలు విరిగింది. డ్రైవర్ల పనికీ బ్యాటరీలకి మల్లే పర్సంటేజీ పెట్టాంలెండి. ఆ దెబ్బతో డెబ్బై ఒకటికి పడ్డాడు. ఎనభై కిందికి పడితే తీసేయాలన్నది మీ రూలేగా!”

“అది బ్యాటరీకయ్యా!” అని హైమవతి అరిచింది. యార్డంతా ఆమె వైపు తిరిగింది.

అలమర వెనక నీడలోంచి చేతికర్ర చప్పుడైంది. మస్తాన్ వలి. పాత స్నేహితుల్ని పలకరించడానికొచ్చి, చల్లటి రేకుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

“బ్యాటరీలు లోపల పడుకున్నాయా మేడం?”

ఆమె తలాడించింది.

“మంచిదే,” అన్నాడు మస్తాన్. “వాటిక్కూడా కాస్త కునుకివ్వమన్నానమ్మా. నాది తీసి ఇవ్వమన్లేదు.”