సెంబవాంగ్ బయలులో మంట

"అంకుల్, శుక్రవారం అతన్ని ఫ్లైట్ ఎక్కించేస్తారు. చేయని తప్పుకి!"

కుర్చీ చూపించినా కూర్చోకుండా భానుమతి ఏడ్చేసింది.

తంజోంగ్ పగార్‌లో ఒక బియ్యం దుకాణం పైనున్న ఇరుకు గదే ప్రైవేటు డిటెక్టివ్ సాంబమూర్తి ఆఫీసు. కంప్యూటర్ ఉద్యోగాల జోరు మొదలైనప్పటి నుంచి ఆయన పనల్లా, హైదరాబాదు నుంచి దిగుతున్న ప్రోగ్రామర్ల డిగ్రీలు అసలువో దొంగవో తేల్చడమే. అబద్ధాలు వెతికి వెతికి ఆయనకు మనుషులంటేనే అలసట వచ్చేసింది. ఈ ద్వీప దేశంలోనే పుట్టి పెరిగిన అసిస్టెంటు లత మాత్రం ఆయన ఏం చెప్పినా కళ్ళు పెద్దవి చేసుకుని వింటుంది.

భానుమతి గుంటూరు నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. సెంబవాంగ్ దగ్గర, ఒకప్పుడు సైనికులు తుపాకులు పేల్చడం నేర్చుకున్న బయలు ఒకటుంది. వాళ్ళు ఖాళీ చేశాక అక్కడ పొదలూ, నడుమెత్తు లాలాంగ్ గడ్డీ కమ్ముకున్నాయి. ఆ గడ్డిలో ఒక అరుదైన పిట్ట గూడు కడుతోందని ఆమె గైడు ప్రొఫెసర్ జనార్ధనరావు ప్రకటించాక, దాన్ని పక్షుల కోసం అలాగే ఉంచేశారు. మొన్న మధ్యాహ్నం సరిగ్గా ఆ గూళ్ళున్న చోటే తగలబడింది. కంచె వేస్తున్న శ్రీకాకుళం కూలీ నూకరాజు బీడీ పారేశాడని కాంట్రాక్టరు తేల్చేశాడు.

"అతను ఆర్పడానికి పరిగెత్తడం నేను కళ్ళారా చూశాను అంకుల్. అరచేతులు కాలిపోయాయి. నా మాట ఎవరూ వినట్లేదు. వచ్చేవారం విదేశాల నుంచి పక్షుల నిపుణుడు వస్తున్నాడు, వలవేసి పిట్టని పట్టి చూడ్డానికి. ఏం చూపిస్తాం?"

"నువ్వు చూశావా దాన్ని?"

"వినడమే. మిట్టమధ్యాహ్నం కూడా కూసేది. బెదిరిపోతుందని గూటి దగ్గరికి సార్ ఎవర్నీ పోనివ్వరు."

సాంబమూర్తి నిట్టూర్చి గొడుగు తీసుకున్నాడు.

బయలులో కాలినంత మేరా మసి. దాన్ని ఆనుకుని చుట్టూ గడ్డి పచ్చగా ఊగుతోంది. సాంబమూర్తి నొప్పిపెట్టే మోకాళ్ళతోనే వంగి అంచు వెంట నడిచాడు.

"ఇక్కడ చూడు, లతా."

మసికీ పచ్చదనానికీ మధ్య బారెడు వెడల్పున దుబ్బులు నున్నగా కోసి ఉన్నాయి. మసి నడుమ పాత తూటాల ఇత్తడి తొడుగులు పడున్నాయి. వాటిలోంచి ఆయన రూపాయంత నల్లటి బిళ్ళను ఏరాడు. జేబులోని తాళంచెవి దగ్గరికి తేగానే ఠక్కున దానికి అతుక్కుంది. బిళ్ళ అంచున కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్ ఉంది.

"ఆర్మీ వాళ్ళది లా, సార్?" ఈ ఊరివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి అడిగింది లత.

ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

నూకరాజు చేతులకు కట్లతో రేకుల షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు.

"నాను బీడీ ముట్టనే ముట్టను బాబూ. మంట గడ్డి మజ్జిలోంచి లెగిసింది. పిట్టలు సచ్చిపోతాయని గోనెతో కొట్నాను."

"గడ్డి కోయమని ఎవరైనా చెప్పారా?"

"నేదు. అయితే మా కొడవలొకటి మంట ముందురోజు కనపడనేదు. మల్లా తెల్లారేసరికి షెడ్డులోనే ఉంది."

సెలవు రోజుల్లో ఆ బయలుకి స్వచ్ఛందంగా వచ్చి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అభిజిత్ అడక్కముందే చెప్పేశాడు. "మా కంపెనీ ఈ స్థలం అడుగుతోంది అంకుల్. పిట్ట లేకపోతే వచ్చేస్తుంది. అందుకే అందరూ నావంకే చూస్తున్నారు. కానీ ఈ ఊళ్ళో నాకు ఊపిరాడేది ఇక్కడే."

జనార్ధనరావు ఆఖరున వచ్చాడు. సాంబమూర్తి చేయి కలపబోతే ప్రొఫెసర్ చటుక్కున తన చేయి వెనక్కి తీసుకుని నమస్కారం పెట్టాడు. ఆయన వేళ్ళ మొదట్లో ఎర్రటి బొబ్బలు లత కంటపడ్డాయి.

"మీరూ మంట ఆర్పారా, అంకుల్?"

"లేదమ్మా. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది."

మర్నాడు ఉదయం సాంబమూర్తి కాంట్రాక్టరుతో సహా అందర్నీ ఆ షెడ్డులోనే కూర్చోబెట్టాడు.

"బీడీ పారేసినవాడు ముందురోజే మంట చుట్టూ గడ్డి కోసి పెట్టుకోడు. స్థలం కావాలనుకున్న కంపెనీవాడైతే బయలంతా తగలబెట్టేవాడు. ఇది చేసిన మనిషికి ఆ ఒక్క ముక్కే కాలాలి, మిగిలిన గడ్డికి సెగ తగలకూడదు. అంటే ఈ బయలు మీద ప్రేమ ఉన్నవాడు." బల్లమీద బిళ్ళ పెట్టాడు. "ఇది స్పీకర్లో ఉండే అయస్కాంతం. మిట్టమధ్యాహ్నం ఎండకి పిట్టలు కూయడం మానేస్తాయి; టేపులో పాడించిన కూత కాబట్టే అప్పుడు కూడా వినిపించింది. రాబోయే నిపుణుడు వలవేస్తే పిట్ట పడదు. అందుకే గూళ్ళు కాలిపోవాలి. గూటి దగ్గరికి వెళ్ళే హక్కు ఒక్కరికే ఉంది. కొడవలి అలవాటులేక చేతులు బొబ్బలెక్కిందీ ఆయనకే. అవునా ప్రొఫెసర్ గారూ?"

భానుమతి తల తిప్పి ఆయన్ను చూసింది. జనార్ధనరావు తన అరచేతుల్ని చూసుకున్నాడు.

"మొదట్లో నిజంగానే చూశానయ్యా ఆ పిట్టని. ఒక్కసారి. మళ్ళీ రాలేదు. అప్పటికే బుల్డోజర్లు గేటు దగ్గర ఆగిపోయాయి. ఇక్కడ మామూలు పిట్టలు ఎన్నో ఉన్నాయి. వాటికోసం ఎవరు ఆపుతారు?"

"నిజమే. కానీ శుక్రవారం ఫ్లైట్ ఎక్కాల్సింది నూకరాజు. అది మీకు తెలుసు."

"తెలుసు," అన్నాడు జనార్ధనరావు. "మూడు రాత్రులుగా నిద్రలేదు."

ఆయనే లేచి, కాంట్రాక్టరు వెంట పోలీస్ స్టేషనుకు నడిచాడు.

నూకరాజు ఇక్కడ పనిచేసుకునే పర్మిట్ నిలిచింది. ప్రొఫెసరు ఉద్యోగం పోయింది. పిట్ట లేదని తేలాక బయలుకున్న రక్షణా పోయింది. భానుమతి కొత్త గైడు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది.

కొన్ని నెలల తరవాత ఒక సాయంత్రం సాంబమూర్తికి ఫోనొచ్చింది.

"నాను బాబూ, నూకరాజుని. కొత్త పని దొరికింది. ఆ బయల్లోనే. కంప్యూటర్ల బిల్డింగంట, పునాదులు తవ్వుతున్నాం. మీ దయ బాబూ."

"చేతులెలా ఉన్నాయి?"

"మానిపోనాయి. పార బాగానే పట్టుకుంటున్నాను."

సాంబమూర్తి ఫోను పెట్టేసి సంగతి లతకి చెప్పాడు. "మనం చేసింది కరెక్టే కదా, సార్?" అంది లత.

"కరెక్టేనమ్మా," అన్నాడాయన, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంటూ. "మళ్ళీ అడక్కు."