ఆరువందల నలభైలో ఉరుము, మెరుపు

"నా ఉరుముని ఎవరు తీసేశారు?"

రిహార్సల్ ఆగిపోయింది. స్టేజీ మీద వానలో తడుస్తున్నట్టు నటిస్తున్న నాయిక, తడవడం ఆపి జుట్టు సర్దుకుంది.

లైట్లు చూసేవాడు కంప్యూటర్ వెనక నుంచి మెల్లగా తలెత్తాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయి, నాటకానికి సౌండ్ చూడ్డానికి ఆ పూటే వచ్చింది. డైరెక్టర్ గారి కూతురని అతనికి తెలీదు. తెలిస్తే నోరు కాస్త అదుపులో పెట్టుకునేవాడు.

"నేనే తీశాను. నా మెరుపుకి చోటు చాల్లేదు."

"చాలకపోతే పక్కవాళ్లని గెంటేస్తారా?"

"గెంటింది నేను కాదండీ, ఈ ముసలి మిషను. దీని ఆపరేటింగ్ సిస్టమ్ మన ప్రోగ్రాములకి చూపించేది ఆరువందల నలభై కిలోబైట్లు. అందులోనూ ముందు అదే కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. మిగిలినదాంట్లో మీ ఉరుమైనా పడుతుంది, నా మెరుపైనా పడుతుంది. రెండూ పట్టవు."

"ఇంకాస్త మెమరీ వేయిస్తే?"

"బస్తాడు వేయించినా మన ప్రోగ్రాముల కంటికి ఆనదు."

ఆమె నమ్మలేదు. మర్నాడే మెమరీ తెచ్చి బిగించింది. ఆన్ చేయగానే కంప్యూటర్ ఆ కొత్త మెమరీని పొల్లుపోకుండా లెక్కపెట్టింది. తీరా మెరుపు పక్కన ఉరుముని ఎక్కించబోతే చోటు లేదంది. నవ్వాపుకోవడానికి అతను నానా తిప్పలూ పడ్డాడు.

"లెక్కపెట్టింది కదా మరి?"

"లెక్కపెట్టింది మిషను. వాడుకోవాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్. ఆ రెంటికీ మాటల్లేవు."

"మనకి మల్లే," అంది ఆమె, ముఖం తిప్పుకుంటూ.

ఇక అక్కణ్ణుంచి యుద్ధమే. ముందొచ్చినవాళ్లు తమది ఎక్కించేసేవాళ్లు. ఓరోజు ఉరుము లేని మెరుపులు, ఇంకోరోజు మెరుపు లేని ఉరుములు. దేనికి ఉలిక్కిపడాలో తెలీక నాయిక ఖాళీ దొరికినప్పుడల్లా ఉలిక్కిపడేది. నటులంతా కలిసి అతనికి మెరుపు అని, ఆమెకి ఉరుము అని పేర్లు పెట్టేశారు.

మెరుపు రోజూ కాస్త ముందే రావడం మొదలుపెట్టాడు. మిషను దక్కించుకోవడానికని అందరికీ చెప్పేవాడు. నిజానికి, ఆమె కూడా ముందే వస్తుందని, వచ్చి తిడుతుందని వచ్చేవాడు. తిట్లు పడని పూట అతనికి అన్నం సయించేది కాదు. ఇది ప్రేమ కాక ఇంకేమవుతుందో అతనికీ తోచలేదు.

నాటకం రేపనగా డైరెక్టర్ గారికి ఓపిక అయిపోయింది.

"ఇద్దరిలో ఒక్కరే ఉంటారు. ఎవరో మీరే తేల్చుకోండి. రెండోవాళ్లు ఇంటికెళ్లొచ్చు. కూతురివని నీకేం మినహాయింపు లేదమ్మా."

"నేనడిగానా నాన్నా?"

అతని గుండె జారిపోయింది. ఆమె ఎవరి కూతురో తెలిసినందుకు కాదు. ఎవరు వెళ్లినా, రేపట్నుంచి ఆ తిట్లు వినపడవు.

ఉపాయం ఆలోచించాడు. తన ప్రోగ్రాము తీసేసి మెరుపులు చేత్తోనే మెరిపిస్తే, మిషనంతా ఆమె ఉరుముకే వదిలేయొచ్చు. అప్పుడు ఎవరూ వెళ్లక్కర్లేదు. ఎవరికీ చెప్పకుండా తీసేశాడు.

నాటకం మొదలైంది. వాన సీను వచ్చింది. స్టేజీకి ఎడంపక్క తెరచాటున నిలబడి పెద్ద లైటు స్విచ్ టక్కున వేసి తీశాడు. హాలంతా తెల్లగా మెరిసింది. స్పీకర్లోంచి ఉరుము రావాలి. రాలేదు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

అంతలో కుడిపక్క నుంచి గడగడమని మోగింది. చూస్తే, ఎదుటి తెరచాటున పెద్ద ఇనుప రేకు రెండు చేతులా పట్టుకుని ఊపుతూ ఆమె. ఇద్దరూ ఒకరినొకరు చూసి నోళ్లు తెరిచారు.

ఆ తర్వాత అతను ఆమె కళ్లలోకి చూసి స్విచ్ వేశాడు. ఆమె అతని కళ్లలోకి చూసి రేకు ఊపింది. నాయిక మొదటిసారి వేళకి ఉలిక్కిపడింది. హాలు చప్పట్లతో హోరెత్తిపోయింది.

తెర పడగానే అతను అటు పరిగెత్తాడు.

"మీ ఉరుము మిషన్లో లేదా?"

"తీసేశాను, మీ మెరుపు ఉండాలని. మీదేమైంది?"

"నేనూ తీసేశాను."

ఇద్దరూ వెళ్లి చూశారు. ఉన్న చోటంతా ఖాళీ. ముసలి మిషను హాయిగా కర్సరు మిణుకుమనిపిస్తూ కూర్చుంది.

"ఎందుకు తీశారు?" అందామె.

"మీరు వెళ్లిపోతే నన్ను తిట్టేవాళ్లుండరు."

"అంతేనా?"

"అంతే కాదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

"ఆ మాట ఇన్నాళ్లూ చెప్పడానికి చోటు చాల్లేదా?"

"చెప్పబోయినప్పుడల్లా మీరే మాట్లాడుతుండేవారు."

"ఇక ఆ 'మీరు' మానెయ్," అంది, ఈసారి ముఖం తిప్పుకోకుండా.

అప్పుడే డైరెక్టర్ గారు వచ్చారు.

"శభాష్. ఇకమీదట మీకీ అవస్థ ఉండదు. కొత్త కంప్యూటర్ తెప్పిస్తున్నాను. రెండూ అందులోనే పడతాయి. ఒక్కరు కూర్చుంటే చాలు."

"వద్దు సార్."

"వద్దు నాన్నా."

మెరుపు ముందు, ఉరుము వెంటనే వెనకాల. డైరెక్టర్ గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఇనుప రేకు కోసం కూతురు పొద్దున్నుంచీ ఇల్లంతా ఎందుకు గాలించిందో ఆయనకి ఇప్పుడర్థమైంది.

"సరేనయ్యా. ఆదివారం మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకురా."

"ఎందుకు సార్?"

"మిషన్ని నేను భరిస్తాను. ఉరుముని ఎవరు భరిస్తారో పెద్దవాళ్లం తేల్చుకోవాలి కదా."

"నాన్నా!" అని ఉరిమింది ఉరుము.

పక్కనే నిలబడ్డ మెరుపు ఉలిక్కిపడ్డాడు, నాయిక కన్నా బాగా.