పుంగనూరు వంతెన మీద బిడ్డ

“బిడ్డను తల్లి పుంగనూరు వంతెన మీద దించుతుంది. పదకొండు పది.”

జపాను గూఢచారుల వైర్‌లెస్‌లో దొరికిన ఆ సందేశం చదివి చీఫ్ జేమ్స్ కళ్లద్దాలు తీశాడు. 1942 ఏప్రిల్. మదనపల్లెలో మిలిటరీ ఇంటెలిజెన్స్ రహస్య ఆఫీసు.

“బిడ్డంటే టైంబాంబు, విమలమ్మా. సరిగ్గా ఆ టైముకే మన కన్వాయ్ ఆ వంతెన దాటి మద్రాసుకు పోవాల. నూటిరవై మంది సిపాయిలు. లారీలు కదిలిపోయినాయి. ఆపేదానికి దారిలో టెలిఫోను లేదు. ఆ టైము బయటికి ఎట్ల పొయ్యిండాది?”

ఏజెంట్ విమలకు తెలుసు. చెప్పింది తనే. నిన్న టైపిస్టు ఫ్లోరాతో టీ తాగుతూ, “పాపకు జ్వరం. పదకొండు పదికి కన్వాయ్ వంతెన దాటితే నా డ్యూటీ అయిపోతాది, ఇంటికి పరిగెత్తొచ్చు” అనేసింది. రంగూను నుంచి వచ్చిన ఫ్లోరా, లిప్‌స్టిక్ చెదరకుండా నవ్వి, “పాపం!” అంది. ఈ ఉదయం ఫ్లోరా కుర్చీ ఖాళీ.

“నేను పోతా సార్.” తప్పు ఒప్పుకునే మాట మాత్రం నాలుక చివరే ఆగిపోయింది.

“ఒంటిగా పో. ఆ ‘తల్లి’ పోలీసుల్ని సూస్తే ముందే పేల్చేస్తాది.”

పదకొండు గంటలు. జపాను బాంబుల భయంతో మద్రాసు ఖాళీ చేసి వస్తున్న జనంతో, ఎద్దుబండ్లతో రోడ్డు కిక్కిరిసి ఉంది. గాజులమ్మే మనిషి వేషంలో విమల వంతెన ఎక్కింది. కొప్పులోని దువ్వెనలో వైర్ కట్టర్. కుప్పం బస్సు కోసం నలుగురు ఆడవాళ్లు ఎండకు ముఖాల మీదికి కొంగులు కప్పుకుని నిలబడ్డారు. నలుగురి చంకల్లోనూ పొత్తిళ్లే. వీళ్లలో ఫ్లోరా ఎవరు?

“ఎంత బొద్దుగా ఉండాడమ్మా నీ కొడుకు!” అంది విమల మొదటామెతో.

“తూ! నీ కండ్లు పడ! నా బిడ్డే దొరికినాడా?”

రెండో బిడ్డను పొగిడింది.

“గాజులు అమ్మను వచ్చినావా, దిష్టి పెట్టను వచ్చినావా?”

మూడో ఆమె విమల కాలి కింది మట్టి తీసి బిడ్డకు దిష్టి తీసింది.

“బంగారు బొమ్మమ్మా!” అంది విమల చివరి పొత్తిళ్లు చూసి.

“థాంక్యూ” అంది నాలుగో ఆమె.

బిడ్డను పొగిడితే థాంక్యూ చెప్పే తల్లి ఈ సీమలో ఇంకా పుట్టలేదు. విమల పొత్తిళ్లు లాగేసుకుంది.

“బిడ్డల దొంగ!” మిగతా ముగ్గురూ విమల మీద పడ్డారు. కొప్పు ఊడింది. దువ్వెన జారింది. వీపు మీద గుద్దులు. లారీల హోరు దగ్గరికొస్తోంది. ఆ దెబ్బలు తనకు తగినవే అనిపించింది విమలకు. నేల మీద తడిమి, దువ్వెన అందుకుని, పొత్తిళ్లు విప్పి తీగ కత్తిరించింది.

బాంబు గడియారం పదకొండు తొమ్మిది దగ్గర ఆగింది.

“అయ్యో, ఇది బిడ్డ కాదే!” ముగ్గురు తల్లులూ అటు తిరిగి, పారిపోతున్న ఫ్లోరా జుట్టు దొరకబుచ్చుకున్నారు. కన్వాయ్ వంతెన దాటిపోయింది. ఒక సిపాయి విమలకు చెయ్యి ఊపాడు. ఆమె తల ఎత్తలేకపోయింది.

మధ్యాహ్నం చీఫ్ ముందు అంతా చెప్పేసింది. “టైము బయటపెట్టింది నేనే సార్. రిపోర్టులో రాయండి.”

జేమ్స్ కలం తీసి, మళ్లీ మూత పెట్టేశాడు.

“ఎట్ల రాసేది? నీ తప్పు రాయాలంటే కన్వాయ్ టైము రాయాల. అది టాప్ సీక్రెట్. ఈసారన్నా ఎవురికీ చెప్పొద్దు.”