రాగి అవునో కాదో

ఆ ఇంట్లో టీ పొయ్యి మీదకు ఎక్కకముందే కేబుల్ పెట్టె సీలు తెగుతుంది. కోడలు స్కూళ్ళకీ ఆఫీసులకీ కంప్యూటర్ల వైరింగు చేసే కాంట్రాక్టరు. మామగారు ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దిగిన మనిషి. కొత్తగా కొన్న ప్రతి పెట్టె నుంచీ జానెడు ముక్క ఆయన ముందుకు రావాల్సిందే. పై తొడుగు చీల్చి, లోపలి తీగను బ్లేడుతో గీకి, ఆయన "ఊఁ, కానివ్వు" అన్నాకే ఆ పెట్టె గుమ్మం దాటుతుంది. పనివాళ్ళు ఆయనకు బ్లేడు మామయ్య అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉండడం ఆయనకో సరదా.

ఆ ఉదయం మాత్రం పనికి వెళ్ళిన కోడలు మూడు గంటల్లోనే తిరిగొచ్చింది. చేతిలో మూరెడు కేబుల్ ముక్క ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది.

"మామయ్యా, స్కూల్లో వేసిన కేబుల్ ఇదే కదా! సాకెట్లో పెట్టి నొక్కుతుంటే తీగలు పుటుక్కు పుటుక్కున విరిగిపోతున్నాయి. నలభై పాయింట్లలో పదకొండు చచ్చిపోయాయి. పైకప్పు పలకలన్నీ బిగించేశాం కూడా."

"రాగి అలా విరగదమ్మా. మీవాళ్ళు మోటుగా లాగి ఉంటారు."

"రాగి అయితే కదా! ఇది అల్యూమినియం. పైన రాగి పూత పూశారు. పైన పటారం, లోన లొటారం."

"నేను గీకి చూశానుగా!"

"మీరు చూశారనే నేను వేశాను."

ఆయన గొంతు పెరిగింది. "అయితే ఏమంటావు? చూడకుండానే చూశానని చెప్పానా?"

కోడలు ఒక్క క్షణం ఆగింది. ఆగినప్పుడే ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ దారిపొడవునా మనసులో తిరిగిన మాట కదా, నోరు జారింది.

"ఇది కొన్న షాపు మీ పాత స్నేహితుడిది. ఆయన మొహం చూసి సరే అన్నారేమో అనుకున్నాను."

ఇంత చిన్న మాటకు అంత పెద్ద మనిషి ఒక్కసారిగా చిన్నబోయాడు. స్తంభం మీద ఉన్నప్పుడు పిడుగు పడినా జంకలేదని చెప్పుకునేవాడు. ఇప్పుడు బల్ల మీద తడుముకుంటూ బ్లేడు వెతుక్కున్నాడు.

"ఇటివ్వు. నీ ఎదురుగానే గీకుతాను."

గీకాడు. తీగను కిటికీ వెలుగులోకి ఎత్తాడు. "చూడు! లోపలా బయటా ఒకటే రంగు. రాగిలా మెరుస్తోందా లేదా?"

కోడలు చూసింది. గీకిన చోట తీగ స్టీలు చెంచాలా తెల్లగా ఉంది.

గొడవ విని లోపలి గదిలోంచి కొడుకు వచ్చాడు. అతను నర్సు. డ్యూటీకి వెళ్ళబోతూ అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటున్నాడు. తీగ వైపూ తండ్రి వైపూ మార్చి మార్చి చూశాడు.

"నాన్నా, నా చొక్కా ఏ రంగు?"

"మధ్యలో నీ చొక్కా గోలేంట్రా? గోధుమరంగు. నాలుగు నెలల నుంచీ అదేగా వేసుకుంటున్నావు. పాత తెల్లదే నీకు బాగుండేది."

చొక్కా మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

కొడుకు బొత్తాం పెట్టుకోవడం మానేసి తండ్రి పక్కన కూర్చున్నాడు. "శుక్లాలు నాన్నా. తెలుపు పసుపుగా కనిపిస్తుంది. కొంచెం కొంచెంగా ముదురుతుంది, మనిషికి తెలియదు. రోజూ వార్డులో ఎంతమంది కళ్ళలోకో లైటు వేసి చూస్తాను. ఇంట్లో మీ కళ్ళలోకి ఒక్కసారి చూడలేదు."

కోడలికి మరో సంగతి గుర్తొచ్చింది. "మామయ్యా, ఇంతకుముందు మీరు తీగను పదిసార్లు వంచి కూడా చూసేవారు కదా? అల్యూమినియమైతే అప్పుడే విరిగేది."

"చూసేవాణ్ణి. ఈ మధ్య బండి తాళాలు చేతిలో పెట్టుకుని 'మామయ్యా త్వరగా' అంటూ నిలబడుతున్నావు. నీకు ఆలస్యమవుతుందని గీకడంతో సరిపెట్టాను." ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆమెను కోసింది.

ఆయన బ్లేడును బల్ల అవతలికి నెట్టాడు. "ఇక ఈ పని నాకొద్దమ్మా. నీకు నష్టం చేశాను. తెలిసి చేశానో తెలియక చేశానో, విరిగిన తీగకి తేడా ఏముంది?"

కోడలు ఫోను తీసి స్కూలు ప్రిన్సిపాల్‌కి చేసింది. "మేడం, తప్పు మాదేనండీ. వేసిందంతా తీసేసి కొత్తది వేస్తాం... లేదండీ, రేపటికి కాదు, వారం పడుతుంది. సరుకు చూసేది మా మామయ్యగారు. ఆయన నిదానంగా చూసి ఒప్పుకుంటేనే వేస్తాం."

ఫోను పెట్టేసి, వేరే పెట్టెలోంచి ముక్క కత్తిరించి ఆయన చేతిలో పెట్టింది. బ్యాగు కింద పడేసి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "కళ్ళ సంగతి మీ అబ్బాయి చూసుకుంటాడు. మీరు వంచండి మామయ్యా. నాకేం తొందర లేదు."

ఆయన వంచాడు. అయిదు, ఆరు, ఏడు. పదికి కూడా తీగ మెత్తగా ఒంగుతూనే ఉంది. తల ఎత్తకుండానే అడిగాడు.

"అమ్మాయ్, నన్ను నిజంగానే అలాంటివాణ్ణి అనుకున్నావా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు. కళ్ళ నీళ్ళు ఆగలేదు. "అనుకున్నాను మామయ్యా. స్కూల్లోంచి ఇంటికొచ్చేదాకా. ఒక గంటసేపు."

"గంటేగా," అన్నాడాయన, ఆమె తల మీద చెయ్యి వేసి. "పోన్లే తల్లీ."