సవతి కుట్టిన డేగ

నేపుల్స్‌లో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరంతా కిటికీలు మూసుకుని పడుకుంటుంది. ఆ వేళప్పుడు వీధిలో కుక్క కూడా మొరగదు. గదిలో ఇంకా వేయించిన చేపల వాసన పోలేదు. పక్కగదిలో అనియెల్లో గురక పెడుతున్నాడు. అతని రెండో పెళ్లాం పోర్జియా మాత్రం నిద్రపోలేదు. కిటికీ సందులోంచి పడే కాస్త వెలుతురులో, చట్రానికి బిగించిన అతని కోట కొలువు అంగీ ముందేసుకుని కూర్చుంది.

ఇన్నాళ్లూ ఊరిని ఏలిన చక్రవర్తి మనుషులు ఓడి పారిపోయారు. రేపు పొద్దున స్పెయిన్ రాకుమారుడు కొత్త రాజుగా కోటలో అడుగుపెడతాడు. రొమ్ము మీద చక్రవర్తి గుర్తు, అదే ఆ రెండు తలల డేగ ఉన్న నౌకరెవడూ కోట గుమ్మం తొక్కకూడదట. దాని చోట కొత్త రాజు గుర్తు లిల్లీ పువ్వు ఉండాలి. లేకపోతే కొలువు పోయినట్టే.

పోర్జియాకి లోలోపల పండగే. ఆ డేగని కుట్టింది అనియెల్లో మొదటి పెళ్లాం కార్మోసీనా. ఆవిడ చచ్చి మట్టిలో కలిసిపోయింది. అయినా ఈ మహానుభావుడు అంగీ విప్పినప్పుడల్లా ఆ డేగని నిమురుతాడు. పోర్జియా చేతిని ఒక్కనాడైనా అలా నిమిరాడా? చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఊళ్లో రాజులు ఇట్టే మారిపోతున్నారు గానీ, ఈ ఇంట్లో రాణి మారడానికే ఇన్నాళ్లు పట్టింది!

"ఏమే, సూది పట్టావా?" మూలమంచం మీంచి చూపులేని అత్త గొణిగింది. "ఈ వేళప్పుడు వద్దే. ఇది మనుషుల వేళ కాదు."

"రేపటికి కావాలత్తా. నీ కొడుకు కొలువు పోతే కూడు నువ్వు పెడతావా?"

ముసలావిడ అటు తిరిగి పడుకుంది.

పోర్జియా డేగ కుట్లు పుటుక్కు పుటుక్కున తెంపి లాగేసింది. "పోవే, పో. నీ రాజ్యం అయిపోయింది," అంది కసిగా. జరీ దారం ఎక్కించి పువ్వు మొదలుపెట్టింది.

పైచేత్తో సూది దించాలి. అడుగుచేత్తో అందుకుని పైకి పంపాలి. ఆమె దించింది. అడుగున ఎడమచెయ్యి అందుకునేలోపే... సూది పైకొచ్చేసింది.

ఆమె ఎడమచెయ్యి ఇంకా ఖాళీగానే ఉంది.

మళ్లీ దించింది. మళ్లీ వచ్చింది. ఈసారి అడుగున ఏవో వేళ్లు ఆమె వేళ్లని పక్కకి తోసేశాయి. చల్లటి వేళ్లు...

కేక పెట్టి లేచిపోవాల్సింది. కానీ భయాన్ని మించి కుళ్లు పొంగుకొచ్చింది. "నువ్వా?... ఇది నాది. ముట్టుకోకు," అంది గుసగుసగా. ఎడమచెయ్యి లాగేసుకుంది.

కింద దారం చిన్నగా గుంజింది. కానీ, కానివ్వు అన్నట్టు.

మానేద్దామంటే కొలువు పోతుంది. సూది దించుతూ పోయింది. సూది పైకి వస్తూనే ఉంది. పువ్వు విచ్చుకుంది. ఎంత బాగుందో! తన చేత్తో ఏనాడూ అంత బాగా రాలేదు. దానికీ కడుపు మండింది.

గురక ఆగింది. అనియెల్లో కళ్లు నులుముకుంటూ వచ్చి చట్రానికి అవతల కూర్చున్నాడు.

"అబ్బ! ఏం పనితనమే నీది!" అంటూ చట్రం కిందికి చెయ్యి పోనిచ్చి, ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. అతని మొహం మెత్తబడింది. కళ్లు మూసుకున్నాడు. "ఎంత చల్లగా ఉందే నీ చెయ్యి..."

అంత ప్రేమగా అతను ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

పోర్జియా రెండు చేతులూ పువ్వు మీదే ఉన్నాయి.

"ఏమయ్యా... వదిలెయ్..."

"నువ్వు వదిలితేగా," అని నవ్వాడు అనియెల్లో.