చెంగిచెర్ల పాలు

ఉప్పల్‌లో వకీలు జనార్ధనరావు ఇంట్లో దేవుడికి పాలు నివేదన కానిదే పొయ్యి మీదికి చాయ్ గిన్నె ఎక్కదు. ఆ వేళ కూడా ఆయన భార్య సూర్యకళ తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, పాలగిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. నాచారం నుంచి పాలు తెచ్చే సువార్తమ్మ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. చేతిలో క్యాన్ మాత్రం లేదు.

"ఇయ్యాల్టి సంది పాలు పొయ్యనమ్మా. ఇంకెవరినన్న సూస్కోన్రి."

"ఏమైంది సువార్తమ్మా? పండుగనాడు గూడ నాగా చెయ్యవు గద!"

"మీ సార్‌నే అడుగున్రి. నిన్న కోర్టుల నన్ను అబద్ధాలదాన్ని జేసిండు. కోర్టంత నవ్విన్రమ్మా."

మెట్టు మీద కూలబడి చెప్పుకొచ్చింది. రంగుల కార్ఖానా నాచారం వాగులోకి వదిలే నీళ్ళు తాగి ఆమె బర్రెలు రెండింటికి దూడలు కడుపులోనే చచ్చాయి. ఊరివాళ్ళు కోర్టుకెక్కారు. కార్ఖానా తరఫు వకీలు ఎవరో ఆమెకు నిన్ననే తెలిసింది. జనార్ధనరావు లేచి, ఆ బర్రెల పాలే మా ఇంట్లో దేవుడికి పెడుతున్నాం, మేమూ తాగుతున్నాం, విషమైతే నేనిలా నిలబడి మాట్లాడగలనా అన్నాడట. ఆ పాలు నావి కావు సార్, చెంగిచెర్లలో మా చెల్లె బర్రెలవి అని ఆమె మొత్తుకుంటే, "గిన్నెడు పాల కోసం చీకట్లనే చెంగిచెర్ల దాక నడుస్తవా?" అని అందరినీ నవ్వించాడట.

సూర్యకళకు ఒళ్ళు మండిపోయింది. సువార్తమ్మ చెప్పింది నిజమే. వానాకాలం నుంచి సొంత బర్రెల పాలు పారబోస్తూ, "దేవునికి పెట్టేటి ఇల్లు, గా పాలెట్ల తెస్తనమ్మా" అంటూ చెల్లెలి దగ్గర నుంచి తెస్తోంది. ఆమె మొక్కే దేవుడు వేరు, ఈ గూట్లో దేవుడు వేరు. ఆ తేడా పాలలో ఒక్కనాడూ చూపలేదు.

"నువ్వు జర ఇక్కడ్నే కూసో" అని చెప్పి సూర్యకళ లోపలికి నడిచింది.

జనార్ధనరావు నల్లకోటు దులుపుకుంటున్నాడు. ఆయన తల్లి కనకమహాలక్ష్మి వక్కలు కత్తిరిస్తోంది.

"చాయ్ ఏదీ?" అన్నాడు.

"పాలు లేవు. మీరు కోర్టుల దాఖలు చేసిన్రు గద!"

ఆయనకు సంగతి అర్థమైంది. "అది వాదన సూర్యా. ఎదుటోళ్ళు చెప్పిందల్ల నమ్ముకుంట పోతే వకీలు పని నడుస్తదా?"

"ఇంటికొచ్చి నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది? రాత్రి పెరుగన్నం తింటున్నప్పుడన్న అడిగిన్రా? ఆమె చెప్పింది నిజం. నాకు తెలుసు."

జనార్ధనరావు చేయి కోటు మీదే ఆగిపోయింది. ఒకప్పుడు కార్ఖానాల కోసం భూములు పోగొట్టుకున్న రైతులకు సరైన ధర ఇప్పించి పేరు తెచ్చుకున్న మనిషి. అప్పట్లో ఈ గుమ్మం ముందు రైతుల చెప్పులు గుట్టగా పడి ఉండేవి. ఇప్పుడు కార్లు ఆగుతున్నాయి. రోజూ దీపం వెలిగే ఇంట్లో ఇంత మార్పు వస్తుంటే తనెందుకు అడగలేదా అనుకుంది సూర్యకళ.

"ఇయ్యాలే ఆర్డరు" అన్నాడాయన గొంతు తగ్గించి. "ఇప్పుడు మాట మారిస్తే తోటి వకీళ్ళ ముందు తలెత్తుకోగలనా?"

"మరి ఆమె తల సంగతేంది?"

కనకమహాలక్ష్మి అడకత్తెర కింద పెట్టింది. "ఒరే, ఇన్నాళ్ళు నా చాయ్ కోసం ఆ పిల్ల చెంగిచెర్ల దాక నడిచిందారా? నువ్వేమో నవ్వినవా? నిన్ను గిందుకేనా సదివించింది!"

సూర్యకళ శాలువా కప్పుకుంది. "మీరు చెప్పకుంటే నేనే వచ్చి చెప్త. బోను ఎక్కుడు నాకు రాదనుకున్నరా?"

సువార్తమ్మతో కలిపి ముగ్గురూ ఒకే బస్సులో కోర్టుకు వెళ్ళారు. ఆడవాళ్ళిద్దరూ ముందు సీట్లో కూర్చుంటే ఆయన వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

కోర్టులో కేసు పిలవగానే జనార్ధనరావు లేచాడు. "నిన్న నేను పాల గురించి చెప్పింది తప్పు. విచారించకుండా చెప్పాను. ఆ పాలు చెంగిచెర్లవే. నా భార్య ఇక్కడే ఉంది, కావాలంటే అడగండి. ఈమెను నవ్వులపాలు చేసినందుకు క్షమాపణ అడుగుతున్నాను."

కార్ఖానా మేనేజరు మొహం మాడిపోయింది. కోర్టు పంపే కమిషనర్ వెళ్ళి చూసి వచ్చేదాకా వాగులోకి చుక్క నీరు వదలొద్దని జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. జనార్ధనరావు ఆ పూటే వకాల్తా వదులుకున్నాడు.

బయటికి వచ్చాక సువార్తమ్మ ముందు తల వంచుకుని, "మీ వాగు జర చూపియ్యి తల్లీ" అన్నాడు. వాగు సర్వే నంబరూ హద్దులూ ఆయనకు కంఠతా వచ్చు. కళ్ళతో చూసింది మాత్రం లేదు.

నాచారంలో వాగు ఊదారంగు తేలి, నురగ కట్టి ఉంది. ఒడ్డున గడ్డి మాడి నల్లబడింది. సూర్యకళ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. జనార్ధనరావు కిందికి దిగి, వంగి, దోసిలి పట్టబోయాడు.

సువార్తమ్మ ఉరికొచ్చి ఆయన రెక్క పట్టి వెనక్కి గుంజింది. "ముట్టకున్రి సార్! చేతులు బొబ్బలెక్కుతయి!"

ఆ పట్టు ఆయన విడిపించుకోలేదు. నిన్న తను నవ్వులపాలు చేసింది ఈ మనిషినే. కళ్ళు నిండిపోయాయి. "మాఫ్ చెయ్యి సువార్తమ్మా" అన్నాడు.

"గయన్ని తర్వాత సార్" అంది ఆమె చేయి వదలకుండానే. "ముందుగాల ఒడ్డుకు రాన్రి."