ఎవరూ చదవని లిస్టు

"పన్నెండింటికి లిస్టు లాక్ అయిపోతుంది హర్షా. టైమెంత?"

"పదకొండూ నలభై, చీఫ్."

అమలాపురంలో లంకలింక్ కేబుల్ నెట్ ఆఫీసు మెట్లెక్కుతున్నాడు ఏజెంట్ హర్ష. భుజాన రావులపాలెం అరటిగెల, మూతికి అతికించిన మీసం. చెమటకి మీసం ఓ పక్క ఊడుతోంది!

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గబగబా సాగింది. "అడల్ట్ సైట్లు బ్లాక్ చెయ్యమని గవర్నమెంట్ పంపిన లిస్టు. ఎనిమిది వందల అరవై పేర్లు. దారిలో విదేశీ రింగ్ ఇంకో పేరు దూర్చింది. వాళ్ల మెసేజ్‌లో ఒకటే ముక్క: లంకలు మునగాలి. ఒంటిగంటకి వరద. ఇక్కడ వర్కవుటైతే రేపు దేశమంతా ఇదే ట్రిక్."

"లిస్టులో వరద సైట్లేమైనా ఉన్నాయా?"

"అన్నీ వెతికాం. లేవు. సర్వర్ ఆపితే గోదావరి లంకలకి నెట్టే పోతుంది. ఆ ఒక్క లైనూ పట్టుకుని కొట్టెయ్యాలి."

లోపల ఓనరు సత్యానందం గారు మానిటర్ మీద తెల్ల రుమాలు కప్పేసి, మొహం గోడకి తిప్పుకుని కూర్చున్నారు. పక్కన బండారులంక చీరలో, గుప్పుమనే సెంటుతో ఓ అందగత్తె.

హర్ష ఆమెని గుర్తుపట్టాడు. జాయ్! నిరుడు డిపార్ట్‌మెంట్ నుంచి మాయమైన ఏజెంట్!

"ట్రైనింగ్ ఆఫీసరు గారండీ," అన్నారు సత్యానందం. "చూడకుండా ఎంటర్ కొట్టెయ్యమన్నారు. చర్చి పెద్దనండీ, ఆ పేర్లు నేనెలా చదువుతాను?"

అదీ ప్లాను! ఈ లిస్టుని సిగ్గుపడి ఎవరూ చదవరు.

హర్ష రుమాలు కిందనుంచి పెన్ స్కానర్ తిప్పాడు. పచ్చలైటు. మెషీన్‌కి ఏ తేడా కనిపించలేదు. పదకొండూ యాభై రెండు.

"ఎవరో ఒకరు చదవాలండీ!"

"నేను చదువుతాను." వెనక గుమ్మంలో సత్యానందం గారి భార్య రత్నం. "ముప్పై ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా చేసేను. నాకేం సిగ్గు బాబూ?"

"రత్నం, వద్దే!"

"మీరు చెవులు మూసుకోండి."

కళ్లజోడు పెట్టుకుని, రుమాలెత్తి, హాజరు పిలిచినట్టు పైకి చదివేస్తున్నారు. సత్యానందం నిజంగానే చెవులు మూసుకున్నారు. జాయ్ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి జారింది.

పదకొండూ యాభై తొమ్మిది.

"నాలుగు వందల పన్నెండు... పడవకబురు." ఆవిడ వేలు ఆ లైను మీద ఆగింది. "ఇది మన అమ్మాయి చిట్టి పెట్టిన సైటండీ! ఏ రేవుకి ఏ పడవొస్తుందో లంకలోళ్లంతా ఇందులోనే చూస్తారు. చిట్టి ఇప్పుడు లంకలో బళ్లో పిల్లలతో ఉందండీ!"

జాయ్ చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్ పైకి లేచింది. హర్ష రుమాలు లాగి జాయ్ మొహం మీదికి విసిరాడు. గుండు అరటిగెలలో దిగింది. హర్ష ఆమె మణికట్టు మెలితిప్పాడు.

"కొట్టెయ్యండమ్మా!"

రత్నం వేలు డిలీట్ మీద పడింది. టక్! గడియారం పన్నెండు కొట్టింది.

పది నిమిషాల తర్వాత ఫోను మోగింది. "అమ్మా, కబురు చూసేం. పిల్లలందర్నీ పడవెక్కించేసేను."

సత్యానందం కళ్లు తుడుచుకోవడానికి రుమాలు వెతుక్కున్నారు. ఆ రుమాలుతోనే హర్ష అప్పటికే జాయ్ చేతులు కట్టేశాడు.

"శెభాష్," అన్నాడు చీఫ్. "ఇక బయల్దేరు."

"కుదరదు చీఫ్. రత్నం గారు మిగతా లిస్టు కూడా చదివితేగానీ లేవరట. సత్యానందం గారూ నేనూ అరుగు మీద కూర్చున్నాం."